కాడ్మియం కథ: జింజు నది చెప్పిన పాఠం

ఆవర్తన పట్టికను ఒకసారి ముందు పెట్టుకోండి. జింక్ ఉన్న గడికి సరిగ్గా కింది గడిలో 48 అనే సంఖ్యతో కాడ్మియం కనిపిస్తుంది. ఒకే నిలువు వరుసలోని మూలకాల స్వభావం దగ్గర దగ్గరగా ఉంటుందని మీరు పాఠశాలలోనే చదువుకున్నారు. ఈ వ్యాసంలో చెప్పబోయే కథకు ఆ చిన్న సూత్రమే ఆధారం. జింక్ మన శరీరానికి కావలసిన లోహం. వందలాది ఎంజైములు అది లేనిదే పనిచేయవు. కాడ్మియం దానికి పోలికలున్న చుట్టం. కానీ మన శరీరంలో దానికి ఏ పనీ లేదు. పోలిక చూపించి లోపలికి వస్తుంది. వచ్చాక బయటికి పోదు.

ఈ సంగతిని ఈరోజు నాలుగు వాక్యాల్లో చెప్పుకుంటున్నాం. దీన్ని తెలుసుకుని ఒప్పుకోవడానికి మాత్రం 1817 నుంచి 1968 దాకా, అంటే ఒకటిన్నర శతాబ్దం పట్టింది. అంతకంటే ఆలోచించవలసిన విషయం మరొకటి ఉంది. కావలసిన సాక్ష్యంలో చాలా భాగం 1960 నాటికే వేరువేరు దేశాల్లో, వేరువేరు ప్రయోగశాలల్లో సిద్ధంగా ఉంది. దాన్ని ఒకచోట చేర్చడంలో జరిగిన ఆలస్యానికి మూల్యం చెల్లించినవారు శాస్త్రజ్ఞులు కారు, పల్లెటూరి ఆడవాళ్లు. ఆ ఆలస్యం ఎలా జరిగిందో, ఎలా తీరిందో చూద్దాం.

మందుల దుకాణంలో మొదలు

1817లో జర్మనీలోని గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ స్ట్రోమేయర్ రసాయనశాస్త్ర ఆచార్యులుగా ఉండేవారు. ఆ ప్రాంతంలోని మందుల దుకాణాలను తనిఖీ చేసే బాధ్యత కూడా ఆయనకు ఉండేది. అప్పట్లో చర్మవ్యాధులకు జింక్ ఆక్సైడును మందుగా వాడేవారు. కొన్ని దుకాణాల్లో ఆక్సైడుకు బదులు జింక్ కార్బొనేటు ఉండటం ఆయన గమనించారు. ఆరా తీస్తే, ఆ కార్బొనేటును వేడి చేసినప్పుడు తెల్లగా ఉండవలసిన పొడి పసుపు రంగుకు తిరుగుతోందని తెలిసింది. పసుపు రంగు వస్తే ఇనుము కలిసిందని అనుమానించడం మామూలు. స్ట్రోమేయర్ పరీక్షించి చూస్తే అందులో ఇనుము లేదు, అంతవరకు ఎవరూ గుర్తించని ఒక లోహం ఉంది. జింక్ ఖనిజానికి లాటిన్‌లో ఉన్న 'కాడ్మియా' అనే పాత పేరునుంచే దానికి కాడ్మియం అని పేరు పెట్టారు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. కాడ్మియం కోసమని ప్రత్యేకంగా తవ్వే గనులు దాదాపు లేవు. జింక్ ముడిఖనిజంలో అది కొద్ది పాళ్లలో కలిసి ఉంటుంది. జింక్‌ను శుద్ధి చేసేటప్పుడు విడిగా తీస్తే అమ్ముకోదగ్గ సరుకు అవుతుంది. తీయకపోతే మాయమైపోదు. పొగలోనో, మురుగునీటిలోనో, గని బయటి వ్యర్థాల గుట్టలోనో ఉండిపోతుంది.

పందొమ్మిదో శతాబ్దంలో చిత్రకారులు కాడ్మియం పసుపును ఇష్టపడ్డారు. 1899లో స్వీడన్‌కు చెందిన వాల్డెమార్ యుంగ్నర్ నికెల్ కాడ్మియం బ్యాటరీని రూపొందించారు. ఇనుప సామాను తుప్పు పట్టకుండా కాడ్మియం పూత వేయడం ఇరవయ్యో శతాబ్దంలో పెద్ద పరిశ్రమ అయింది. దీనివల్ల హాని ఉందన్న సూచన కూడా తొందరగానే వచ్చింది. వెండి సామాను మెరుగుపెట్టడానికి కాడ్మియం కార్బొనేటు పొడి వాడినవారు జబ్బు పడ్డారని 1858లోనే బెల్జియం నుంచి ఒక నివేదిక వెలువడింది. కాని దాన్ని ఒక ప్రమాదంగా మాత్రమే చూశారు. ఒక్కసారి ఎక్కువ మోతాదు పీల్చితే ఏమవుతుందో తెలిసింది. కొంచెం కొంచెంగా ఏళ్ల తరబడి లోపలికి పోతే ఏమవుతుందని ఎవరూ అడగలేదు.

స్వీడన్ కార్మికులు, గుర్రం మూత్రపిండం

ఆ ప్రశ్న అడిగినవారు స్వీడన్ వైద్యుడు లార్స్ ఫ్రైబెర్గ్. బ్యాటరీల కర్మాగారంలో ఏళ్లుగా కాడ్మియం ధూళిలో పనిచేసిన కార్మికులను ఆయన పరీక్షించారు. ఆ ఫలితాలు 1950లో గ్రంథరూపంలో వచ్చాయి. చాలామందికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి. అంతకన్నా విశేషం, వారి మూత్రంలో ప్రోటీన్ కనిపించింది. అది మామూలు మూత్రపిండాల జబ్బులో కనిపించే రకం కాదు, చిన్న అణువులున్న ప్రోటీన్. మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే భాగం కాకుండా, వడపోసిన నీటినుంచి పనికొచ్చే పదార్థాలను తిరిగి పీల్చుకునే సన్నని నాళికలు పాడయ్యాయని దానర్థం.

అదే దశకంలో మరో రెండు పరిశోధనలు జరిగాయి. ప్రాగ్ నగరంలో పరిజెక్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకలకు కాడ్మియం లవణం ఇచ్చి చూస్తే వాటి వృషణాలు దెబ్బతిన్నాయి. తోడుగా జింక్ ఇస్తే ఆ నష్టం ఆగింది. ఇది 1957 మాట. జింక్‌కు, కాడ్మియానికి మధ్య ఉన్న పోటీ జీవకణంలో అలా బయటపడింది. అదే 1957లో అమెరికాలో మార్గోషెస్, వాలీ అనే శాస్త్రజ్ఞులు గుర్రం మూత్రపిండంనుంచి కాడ్మియాన్ని పట్టి ఉంచే ఒక ప్రోటీన్‌ను వేరుచేశారు. 1960లో దానికి మెటలోథయొనీన్ అని పేరు పెట్టారు. అందులోని సుమారు 60 అమైనో ఆమ్లాల్లో 20 సిస్టీన్లే. సిస్టీన్‌లోని గంధకానికి కాడ్మియం గట్టిగా అతుక్కుంటుంది.

ఈ ప్రోటీన్ మనకు రక్షకుడు, మన బంధనమూ అదే. కాలేయంలోకి వచ్చిన కాడ్మియాన్ని అది పట్టుకుని కణానికి అపాయం లేకుండా చేస్తుంది. కాని ఆ జంట మెల్లగా రక్తంలోకి విడుదలై మూత్రపిండానికి చేరుతుంది, నాళికల కణాల్లో పేరుకుపోతుంది. అక్కడ చేరిన కాడ్మియంలో సగం పోవడానికి 10 నుంచి 30 ఏళ్లు పడుతుంది. ఈ రోజు తిన్నది మీ మనవలు పెద్దవాళ్లయ్యేవరకు మీ శరీరంలో ఉండవచ్చన్నమాట.

జింజు నది ఒడ్డున

ఇప్పుడు జపాన్‌కు వెళదాం. గిఫు రాష్ట్రపు కొండల్లో కమియోకా అనే గని ఉంది. విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు ఈ పేరు తెలిసే ఉంటుంది. 1987లో నక్షత్ర విస్ఫోటనం నుంచి వచ్చిన న్యూట్రినోలను పట్టుకున్న ప్రయోగశాల ఈ గని లోతుల్లోనే ఉంది. 2002లో, 2015లో నోబెల్ బహుమతులు తెచ్చిన ప్రయోగాలు కూడా అక్కడివే. కానీ ఆ కొండ కింది పల్లెలవారికి కమియోకా అంటే గుర్తొచ్చేది వేరు.

మిత్సుయి కంపెనీ అక్కడ జింక్, సీసం ఖనిజాలను తవ్వేది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో యుద్ధాల గిరాకీకి ఉత్పత్తి పెరిగింది. ఖనిజాన్ని మెత్తగా పొడిచేసి నీటిలో తేల్చి వేరుచేసే పద్ధతి వచ్చాక సన్నని వ్యర్థాలు నదిలోకి కొట్టుకుపోయాయి. తకహరా నదిలో కలిసిన ఆ మట్టి, దిగువన జింజు నదిగా తొయామా మైదానంలోకి దిగింది. అక్కడి రైతులు జింజు నీటిని పంటకాలువల ద్వారా వరిమళ్లకు పెట్టుకునేవారు. తాగడానికి, వండుకోవడానికి కూడా ఆ నీరే.

ఆ పల్లెల్లో ఒక జబ్బు 1910ల నుంచే ఉందని తర్వాత లెక్కలు కట్టారు. ముఖ్యంగా నడివయసు దాటిన, చాలామంది పిల్లలను కన్న స్త్రీలకు నడుము, తుంటి నొప్పులతో మొదలయ్యేది. నడక బాతు నడకలా మారేది. చివరికి మంచాన పడేవారు. దగ్గినా పక్కటెముక విరిగేది. తెలివి మాత్రం చివరిదాకా ఉండేది. మనం 'అమ్మా, అబ్బా' అని మూలిగినట్టు వారు 'ఇతాయ్, ఇతాయ్' అని మూలిగేవారు. 1955లో పత్రికల్లో ఆ మూలుగే జబ్బు పేరుగా మారింది. ఇతాయ్ ఇతాయ్ వ్యాధి అంటే నొప్పి నొప్పి వ్యాధి.

ఊళ్లో దాన్ని పూర్వజన్మ కర్మ అనుకున్నారు. తమ ఊరి పేరు బయటికి వస్తే బియ్యం అమ్ముడుపోవని, తమ ఇళ్లకు కోడళ్లు రారని భయపడి రోగులను లోపలి గదుల్లో దాచారు. వైద్యులు కీళ్లవాతమనో, పోషకాహార లోపమనో, చాకిరీ ఫలితమనో అన్నారు.

పటం మీద చుక్కలు

1946లో యుద్ధంనుంచి తిరిగివచ్చిన నొబొరు హగినో అనే వైద్యుడు ఫుచు అనే ఊళ్లో తమ కుటుంబపు ఆసుపత్రి బాధ్యత తీసుకున్నారు. రోజూ ఇలాంటి రోగులే వచ్చేవారు. పోషకాహార లోపమే కారణమైతే జపాన్‌లోని పేద పల్లెలన్నిటిలో ఈ జబ్బు ఉండాలి కదా, ఇక్కడే ఎందుకుంది? ఆయన రోగుల ఇళ్లను పటం మీద ఒక్కొక్కటిగా గుర్తించారు. చుక్కలన్నీ జింజు నీరు పారే ఆయకట్టులోనే పడ్డాయి. అటు కుమనో నది, ఇటు ఇదా నది నీరు వాడే పొలాల్లో చుక్కలు లేవు.

జబ్బుకు గని వ్యర్థాలే కారణమని 1957లో హగినో వైద్యుల సభలో చెప్పారు. పేరు కోసం, డబ్బు కోసం చెబుతున్నాడని ఆయన్ను నిందించారు. ఏ పదార్థమో ఆయనకు అప్పటికి స్పష్టంగా తెలియదు. ఆ ఖాళీని పూరించినవారు ఇద్దరు. వ్యవసాయ శాస్త్రజ్ఞుడు కిన్ఇచి యోషియొకా పంటనష్టాన్ని, వ్యాధి వ్యాప్తిని కలిపి అధ్యయనం చేశారు. నదీజలాల విశ్లేషణలో పేరుపొందిన ఒకయామా విశ్వవిద్యాలయ ఆచార్యులు జున్ కొబయాషి నీటి, బియ్యం, రోగుల ఎముకల నమూనాలను పరీక్షించి వాటిలో కాడ్మియం ఎక్కువగా ఉందని తేల్చారు. 1961లో హగినో, యోషియొకా ఎముకల వైద్యుల సదస్సులో కాడ్మియమే కారణమని ప్రకటించారు.

ఇప్పుడు ముందు చెప్పుకున్న ముక్కలను మీరే కలిపి చూడండి. బియ్యంతో వచ్చిన కాడ్మియం మూత్రపిండ నాళికల్లో చేరింది. నాళికలు దెబ్బతింటే ఎముకకు కావలసిన ఫాస్ఫేటు, కాల్షియం మూత్రంలో పోతాయి. విటమిన్ డి తన చివరి చురుకైన రూపం పొందేది కూడా మూత్రపిండంలోనే. ఆ పని కుంటుపడితే పేగులు కాల్షియాన్ని పీల్చుకోలేవు. దాంతో ఎముకలు మెత్తబడతాయి. గర్భం, బాలింతతనం వల్ల ముందే కాల్షియం తరిగిన స్త్రీలకు ఇది రెండో దెబ్బ. ఒంట్లో ఇనుము తక్కువైతే పేగులు కాడ్మియాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటాయి. అందుకే రోగుల్లో స్త్రీలు ఎక్కువ. ఫ్రైబెర్గ్ చూసిన కార్మికులు, హగినో చూసిన తల్లులు ఒకే జబ్బుకు రెండు ముఖాలు.

ఎంత రుజువు కావాలి?

1960ల మధ్యలో పనిచేసిన ప్రభుత్వ పరిశోధక బృందాలు కాడ్మియంతో పాటు మరేదో కారణం కూడా ఉండాలని తేల్చాయి. ఆ 'మరేదో' ఉన్నంతకాలం బాధ్యత ఎవరిదీ కాలేదు. 1968 మార్చిలో బాధితులు, మృతుల కుటుంబాలవారు తొయామా జిల్లా న్యాయస్థానంలో దావా వేశారు. అదే ఏడాది మే 8న జపాన్ ఆరోగ్య మంత్రిత్వశాఖ తన అభిప్రాయం ప్రకటించింది. దీర్ఘకాలిక కాడ్మియం విషప్రభావం మొదట మూత్రపిండాలను, తర్వాత ఎముకలను దెబ్బతీసిందని, గర్భం, వయసు, కాల్షియం లోపం వంటివి దానికి తోడయ్యాయని చెప్పింది. కాలుష్యం వల్ల వచ్చిన వ్యాధిగా జపాన్ ప్రభుత్వం గుర్తించిన మొదటి వ్యాధి ఇదే.

దావాలో వాదన అంతా కారణం చుట్టూ తిరిగింది. జపాన్ గనుల చట్టం ప్రకారం యజమాని నిర్లక్ష్యాన్ని నిరూపించనక్కరలేదు, గని వల్లనే నష్టం జరిగిందని చూపిస్తే చాలు. ఎంత కాడ్మియం ఎవరి ఒంట్లోకి పోయింది, అది కణంలో ఏం చేసింది అన్న వివరాలన్నీ తేలాలని కంపెనీ పట్టుబట్టింది. 1971 జూన్ 30న న్యాయస్థానం బాధితుల పక్షాన తీర్పు చెప్పింది. వ్యాధి ఎక్కడ, ఎవరికి, ఎప్పుడు వచ్చిందన్న సాంక్రమిక శాస్త్ర ఆధారాలు స్పష్టంగా ఉన్నప్పుడు, శరీరం లోపలి ప్రక్రియ ఆసాంతం తేలనక్కరలేదని అది భావించింది. 1972 ఆగస్టు 9న పై కోర్టు కూడా దాన్నే సమర్థించింది. హగినో పటం మీది చుక్కలకు న్యాయశాస్త్రంలో చోటు దొరికింది.

మరునాడు రైతులు టోక్యోలోని కంపెనీ కార్యాలయానికి వెళ్లి కూర్చున్నారు. నష్టపరిహారం, నేల బాగుచేత ఒప్పందాలతో పాటు మూడోది కూడా రాయించుకున్నారు. తాము కోరినప్పుడు నిపుణులను వెంటబెట్టుకుని గనిలోకి వెళ్లి తనిఖీ చేసే హక్కు అది. ఆ ఖర్చు కంపెనీదే. ఏటా సాగిన ఆ తనిఖీలవల్ల జింజు నీటిలో కాడ్మియం సహజ నదుల స్థాయికి దిగింది. కాలుష్యాన్ని కనిపెట్టి ఉండే పని బాధితుల చేతికి వచ్చిన అరుదైన ఉదాహరణ ఇది.

నేలను బాగుచేయడానికి మరింత కాలం పట్టింది. 1979లో మొదలుపెట్టి సుమారు 863 హెక్టార్లలో విషమట్టిని లోతుగా పూడ్చి, పైన కొండమట్టి పరిచారు. 2012లో పని ముగిసింది. 33 ఏళ్లు, సుమారు 4,070 కోట్ల యెన్లు. 2013 డిసెంబరులో కంపెనీ అధికారికంగా క్షమాపణ చెప్పింది. అధికారికంగా గుర్తింపు పొందిన రోగులు సుమారు 200 మంది. వారిలో దాదాపు అందరూ ఆ మాట వినకుండానే పోయారు. హగినో 1990లోనే మరణించారు.

వరివేరు చేసిన పొరపాటు

కాడ్మియం వరిలోకి ఎలా వస్తుంది? నీరు నిలిచిన మడిలో గాలి ఆడదు. అప్పుడు కాడ్మియం గంధకంతో కలిసి కరగని రూపంలో మట్టిలోనే ఉంటుంది. పంట చివర్లో నీరు తీసేసి మడి ఆరబెట్టగానే కరిగే రూపంలోకి మారి వేరుకు అందుతుంది. వేరు దాన్ని లోపలికి ఎలా తీసుకుంటుందన్నది 2012లో తేలింది. మాంగనీసును లోపలికి తెచ్చే ఒక ద్వారపాలక ప్రోటీన్ పొరపాటున కాడ్మియాన్ని కూడా రానిస్తోంది. దీన్ని కనుగొన్నదీ ఒకయామా విశ్వవిద్యాలయమే. అర్ధశతాబ్దం కిందట కొబయాషి పనిచేసిన చోటు. అదే ఏడాది మరో జపాన్ బృందం అయాన్ కిరణాలతో ఆ జన్యువు మారిన వరి మొక్కలను రూపొందించింది. వాటి గింజలో కాడ్మియం దాదాపు లేదు. 2025 నుంచి అకితా రాష్ట్రం ఇలాంటి వరి విత్తనానికి మారింది.

ప్రకృతిలో ఒకే ఒక వింత మినహాయింపు ఉంది. సముద్రంలోని ఒక రకం డయాటమ్, జింక్ దొరకనప్పుడు దాని స్థానంలో కాడ్మియాన్ని పెట్టుకుని ఒక ఎంజైమును నడుపుకుంటుందని 2000లో తెలిసింది. కాడ్మియం ఏ జీవికైనా ఉపయోగపడుతుందని తెలిసిన సందర్భం అదొక్కటే.

మన కంచం, మన పొగ

ఇదంతా జపాన్ కథ అని పక్కన పెట్టకండి. మనమూ అన్నం తినేవాళ్లమే. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల ప్రకారం పాలిష్ బియ్యంలో కాడ్మియం కిలోకు 0.4 మిల్లీగ్రాములు మించరాదు. తాగునీటిలో లీటరుకు 0.003 మిల్లీగ్రాములు దాటరాదని భారత ప్రమాణం చెబుతుంది. 1993లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ కాడ్మియాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ఇనుము లోపమున్నవారి పేగులు కాడ్మియాన్ని ఎక్కువ పీల్చుకుంటాయని చెప్పుకున్నాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. జింజు ఒడ్డు తల్లుల పరిస్థితి మనకు అంత దూరమైనదేమీ కాదు.

పొగాకు మొక్క కాడ్మియాన్ని నేలనుంచి ఆకులోకి లాగి దాచుకుంటుంది. ఆహారంతో వచ్చిన కాడ్మియంలో కొద్ది శాతమే పేగులనుంచి రక్తంలోకి పోతుంది. పొగతో వచ్చినదానిలో అంతకు ఎన్నో రెట్లు పోతుంది. పొగతాగేవారి మూత్రపిండాల్లో కాడ్మియం తాగనివారికంటే సుమారు రెట్టింపు ఉంటుంది. పొగాకు పండించే ఆంధ్ర జిల్లాల పాఠకులకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. అలాగే పాత నికెల్ కాడ్మియం బ్యాటరీలను చెత్తలో పారేయకండి, కాల్చకండి. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని తిరిగి తీసుకోవలసిన బాధ్యత తయారీదారులది.

చివరగా ఒక మాట. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఏళ్లుగా మనుషులను పొట్టన పెట్టుకుంటోంది. అది ఇతాయ్ ఇతాయ్ వ్యాధి కాదు. కాడ్మియమే కారణమనడానికి ఆధారమూ లేదు. నీరు, ఎండ దెబ్బ, పురుగుమందులు, లోహాలు అంటూ ఎన్నో కోణాల్లో పరిశోధనలు జరిగినా అందరూ అంగీకరించిన కారణం ఒకటంటూ తేలలేదు. అందుకే జింజు పాఠం అక్కడ అవసరం. ఆ జబ్బును మొదట పట్టుకున్నది ఖరీదైన పరికరం కాదు. రోగి ఇల్లు ఎక్కడ, ఆ ఇంటికి ఏ నీరు వస్తోంది అని అడిగి, చెప్పింది విని, పటం మీద గుర్తు పెట్టుకున్న ఒక ఊరి వైద్యుడు. ఆ తర్వాత రసాయన శాస్త్రజ్ఞుడు వచ్చాడు, న్యాయమూర్తి వచ్చాడు, జన్యు శాస్త్రజ్ఞుడు వచ్చాడు. మీ ఊళ్లో ఒకే జబ్బు పది ఇళ్లలో కనిపిస్తే కర్మ అని ఊరుకోకండి. ఆ పది ఇళ్లను ఒక కాగితం మీద గీసి, దగ్గరలోని ఆరోగ్య కేంద్రానికి పట్టుకెళ్లండి. పరిశోధన మొదలయ్యేది అక్కడే.